పెరడు లేని ఇంటి పెరడు

బరంపురం పట్టుచీరలకు పేరు పొందిన పట్టణం. అక్కడి నేతపనివారిలో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. వారి వీధులు ఇరుకైనవి. ఇంటిని ఆనుకొని ఇల్లు ఉంటుంది. లోపల చాలా చోటును మగ్గమే ఆక్రమిస్తుంది. అటువంటి ఇంటికి పెరడు ఎక్కడ నుండి వస్తుంది?

అయినా ఆకుకూర పండించడానికి పెరడే ఉండాలన్న నియమం లేదు. వీధి అరుగు, కిటికీ గట్టు, మేడ మెట్లు, డాబా అంచు - రోజుకు నాలుగు గంటలు ఎండ తగిలే చోటు ఏదైనా చాలు. మన పెద్దలకు ఇది కొత్త విషయం కాదు. ఎంత చిన్న ముంగిలిలోనైనా వారు తులసికోట కట్టుకున్నారు. మూరెడు చోటులో, గంపెడు మట్టిలో మొక్క బతుకుతుందని ఆ కోటే చెబుతుంది.

ఇది కేవలం ముచ్చట కోసం చేసే పని కాదు. రోజుకూలి మీద నడిచే ఇంట్లో ధరలు పెరిగితే బియ్యం కొనడం మానలేరు. ముందుగా మానేది కూరలే. ఎదిగే పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఇనుము చాలకపోతే రక్తహీనత వస్తుంది. ముఖం పాలిపోతుంది, త్వరగా అలసట వస్తుంది, చదువు మీద మనసు నిలవదు. తోటకూర, మెంతికూర వంటి ఆకుకూరల్లో ఇనుము ఉంటుంది. వాటి మీద నిమ్మరసం పిండుకుంటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

ఈ తోటకు పెట్టుబడి తక్కువ. ఖాళీ నూనె డబ్బా, విరిగిన బకెట్టు, పగిలిన కుండ, సిమెంటు సంచి - పారవేసే వస్తువులే ఇక్కడ మళ్లు. అడుగున నాలుగైదు చిల్లులు పెట్టి, వాటిపై పెంకు ముక్కలు పరచాలి. నీరు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. మట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి నింపాలి. విత్తనాలు పోపులపెట్టెలోనే ఉన్నాయి. మెంతులు చల్లితే నెల తిరగకుండా కూర చేతికి వస్తుంది. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి చల్లితే కొత్తిమీర మొలుస్తుంది. పుదీన కాడ, బచ్చలి తీగ ముక్క గుచ్చినా చాలు. మిరప, వంగ మొక్కలకు మాత్రం పెద్ద డబ్బా, ఆరు గంటల ఎండ కావాలి. బియ్యం కడిగిన నీళ్లను పారబోయకుండా మొక్కలకు పోయవచ్చు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. పట్టుదారానికి వేసే రంగులు, పురుగుమందులు ఉంచిన డబ్బాలు తిండిమొక్కలకు పనికిరావు. ఎంత కడిగినా విషం కొంత మిగిలి ఉండవచ్చు. డబ్బాల కింది పళ్లేల్లో నీరు నిలవనివ్వరాదు. డెంగీని వ్యాపింపజేసే దోమ అటువంటి నీటిలోనే గుడ్లు పెడుతుంది.

గంజాం తీరానికి తుఫానుల బెడద ఎక్కువ. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తుఫాను వస్తుందని తెలిసినా రైతు తన పొలాన్ని ఇంట్లోకి తేలేడు. డబ్బాలోని మొక్కను మాత్రం గాలి మొదలు కాకముందే లోపలికి చేర్చవచ్చు. మేడ అంచున ఉన్న డబ్బా గాలికి ఎగిరి ఎవరి మీదనైనా పడవచ్చు కాబట్టి, అలా చేర్చడం మన బాధ్యత కూడా.

1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రెండు భాషలు ఇక్కడ ఇరుగుపొరుగుగా పెరిగాయి. మన బచ్చలి పక్కింటివారికి పొయి శాగ. మన కరివేపాకు వారికి భృసంగ పత్రం. మన చద్దన్నం వారి పఖాళ. ఆ కంచంలో నంజుకోవడానికి ఇరువురికీ ఆకుకూరే ఇష్టం. ఒక బచ్చలి తీగ ముక్క గోడ దాటి వెళితే దానితో ఒక మాట కూడా వెళుతుంది. మరునాడు మరో మొక్క, మరో మాట తిరిగి వస్తాయి.

కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివారులోని నారపల్లిలో తన ఇంటి మిద్దెపై కూరగాయలు పండించి, ఆ అనుభవాన్ని 'మిద్దెతోట' అనే పుస్తకంగా రాశారు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక క్యూబా దేశానికి ఆహారం కొరత ఏర్పడింది. అప్పుడు హవానా నగర ప్రజలు ఖాళీ స్థలాల్లో కూరగాయలు వేసి ఆ కష్టాన్ని కొంత తట్టుకున్నారు.

నాలుగు డబ్బాల తోట ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టలేదు. అన్నం పక్కన గుప్పెడు ఆకుకూర మాత్రం పెట్టగలదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. దగ్గర ఉన్నదాని విలువ మనకు తెలియదని దాని భావం. పారవేసిన డబ్బాకు కూడా ఆ మాట వర్తిస్తుంది. దానికి కావలసినవి కాస్త మట్టి, కాస్త ఎండ, ప్రతి ఉదయం మరిచిపోకుండా చెంబెడు నీళ్లు పోసే ఒక చేయి.