ఎల్బే ఒడ్డున ఇసుకరాతి కొండలు

స్విట్జర్లాండు చూడాలంటే స్విట్జర్లాండే పోవాలి గదా అనుకుంటాము. కాని జర్మనీ దేశం తూర్పు అంచున, డ్రెస్డెన్ నగరం నుంచి అరగంట పైచిలుకు రైలు ప్రయాణం చేస్తే చాలు, ఇంకొక స్విట్జర్లాండు తగులుతుంది. దానిని సాక్సన్ స్విట్జర్లాండు అంటారు. అక్కడ మంచు శిఖరాలు లేవు. కొండలు మరీ ఎత్తయినవీ కావు. ఎంతో పేరున్న లీలియెన్‌స్టైన్ కొండ 415 మీటర్లు మాత్రమే. మరి ఆ పేరెలా వచ్చిందంటే, 1766లో ఆడ్రియాన్ జింగ్, ఆంటన్ గ్రాఫ్ అనే స్విస్ చిత్రకారులిద్దరు డ్రెస్డెన్ కళా అకాడమీలో పాఠాలు చెప్పడానికి వచ్చారు. ఎల్బే నది వెంట తిరుగుతూ ఈ కొండలు చూసి, అచ్చం మా దేశంలాగే ఉన్నదని మురిసిపోయారట. పరదేశంలో ఉన్నవాడికి ఏ గుట్ట కనబడినా సొంత ఊరి గుట్టే గుర్తుకు వస్తుంది కాబోలు. మా ఆవిడ కూడా రైలు కిటికీలోంచి చూసి, "మన గోదారిని సగానికి సగం కుదిస్తే పాపికొండల దగ్గర ఇలాగే ఉండును" అన్నది.

మా అబ్బాయి డ్రెస్డెన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మేము అక్కడ ఉన్న నెల రోజులలో సెప్టెంబరు చివర రెండు రోజులు ఈ కొండలకు కేటాయించాము. అబ్బాయి, కోడలు, ఏడేళ్ళ మనుమడు, మేమిద్దరం, సంచిలో పులిహోర.

మొదటి రోజు రాటెన్ అనే చిన్న ఊరిలో దిగాము. స్టేషను నదికి ఈవల, ఎక్కవలసిన కొండ ఆవల. దాటించడానికి ఒక బల్లకట్టు ఉన్నది. దానిని నడిపించేది ఇంజనూ కాదు, తెడ్డూ కాదు. ఎగువన నదిలో లంగరు వేసిన పొడవాటి ఇనుప తాడుకు దానిని కట్టారు. బల్లకట్టును ప్రవాహానికి కాస్త ఏటవాలుగా తిప్పితే, నీరే దానిని అవతలి ఒడ్డుకు తోసుకుపోతుంది. తిరిగి రావాలంటే వాలు మార్చితే సరి! మనుమడు దీనిని చూసి కొండ సంగతే మరిచిపోయాడు. వాడిని కదిలించడం మా అబ్బాయి తరం కాలేదు.

ఆ ఊరి నుంచి అడవిలో మెట్ల దారిన పోతే బాస్టై అనే చోటు వస్తుంది. నదికి 194 మీటర్ల ఎత్తు. కొండ వెనుకనుంచి కార్లకూ బస్సులకూ రోడ్డున్నది. మోకాళ్ళ నొప్పులవారికి అది వరమే. కాని కాళ్ళాడేవారు రాటెన్ వైపునుంచే ఎక్కాలని నేనంటాను. పక్కనున్న బండకు చెయ్యి ఆనిస్తే అరచేతికి ఇసుక అంటుకుంటుంది. ఈ కొండల సంగతంతా ఆ ఇసుకలోనే ఉన్నది. దాదాపు పది కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న ఇసుకే గట్టిపడి రాయి అయింది. సముద్రం పోయిన తరువాత నదీ, వానా, చలికాలపు మంచూ కలిసి ఆ రాతిని నిలువునా కోసి స్తంభాలుగా, గోడలుగా నిలబెట్టాయి. కోత నేటికీ ఆగలేదు.

స్తంభాల నడుమ నలభై మీటర్ల లోతు లోయ మీద ఒక వంతెన. 1826లో ముందు కొయ్యతో వేశారు. వచ్చేవారు ఎక్కువైన తరువాత, 1851లో రాతితో కట్టారు. ఏడు కమానులతో, కొండలోనుంచే పుట్టినట్లున్నది. అది దాటి కొంచెం ముందుకు వెళితే అసలు చోటు. కింద ఎల్బే వంపు తిరిగి పోతున్నది. దూరంగా బల్లపరుపు కొండలు, వాటిలో ఒకదాని నెత్తిన కోనిగ్‌స్టైన్ కోట. ఆ కోటను ఎన్నడూ ఏ సైన్యమూ దాడిచేసి పట్టుకోలేకపోయింది. కాని 1848లో పొగగొట్టాలు తుడుచుకునే కుర్రవాడొకడు రాతి పగులులో కాళ్ళూ వీపూ తన్నిపెట్టి దాని గోడ ఎక్కేశాడు!

బాస్టై కొసన ఇప్పుడు మనం నిలబడేది రాయి కాదు. తరతరాలుగా జనం నిలబడి చూసిన రాతి కొస లోలోపల గుల్లబారుతున్నదని తెలిసి 2016లో మూసేశారు. 2023లో కొత్త వేదిక తెరిచారు. దానిని వెనుకనున్న గట్టి రాతిలో బిగించి, పాత కొసను తాకకుండా గాలిలోకి చాపారు. కింద రాయి దాని పాటికది అరుగుతూ ఉంటుంది. ఈ ఏర్పాటు నాకు నచ్చింది.

ఇక్కడ స్తంభాలెక్కే కుర్రకారు కూడా రాతి విషయంలో కఠిన నియమాలు పెట్టుకున్నారు. పగుళ్ళలో ఇనుప సామాను దూర్చగూడదు, ముడివేసిన తాళ్ళే వాడాలి. చేతులకు తెల్లపొడి రాసుకోగూడదు. వాన కురిసి రాయి తడిగా ఉంటే అసలు ఎక్కనే గూడదు. తడిసిన ఇసుకరాయి చేతికి ఊడి వస్తుందట.

మరునాడు బాడ్ షాండౌ ఊరు వెళ్ళాము. అక్కడి నుంచి కిర్నిట్ష్ లోయలో 1898 నుంచీ ఒక చిన్న ట్రాము నడుస్తున్నది. దాన్ని ఎక్కి కొంత దూరంపోయి, అక్కడ దిగి, ష్రామ్‌స్టైన్ అనే రాతి గోడ ఎక్కాము. చివరంతా ఇనుప మెట్లూ నిచ్చెనలూ. మా ఆవిడ చీర కుచ్చెళ్ళు బొడ్డులో దోపుకుని నా కంటె ముందే ఎక్కింది. మెడ తిప్పిన వైపల్లా రాళ్ళూ అడవీ. మంచు తెరమీద నిలబడిన మనిషి బొమ్మ వేసిన కాస్పార్ డేవిడ్ ఫ్రీడ్రిష్ 1813లో ఈ ప్రాంతమంతా తిరిగి గీసుకున్నాడు. హాంబర్గులో ఉన్న ఆ చిత్రం చూసి చాలామంది ఆ చోటు కోసం ఇక్కడ వెదుకుతారు. అది దొరకదు, ఆయన అక్కడొక రాయి, ఇక్కడొక కొండ తెచ్చి కలిపాడు.

కాని పైనుంచి చూస్తే అడవిలో సగం బూడిదరంగు. 2018 నుంచి వరసగా వచ్చిన ఎండలకు స్ప్రూస్ చెట్లు నీరసించగా, బెరడు కింద తొలిచే పెంకుపురుగు వాటిని తినేసింది. 2022 జులైలో సరిహద్దు అవతల, చెక్ దేశంలో పుట్టిన నిప్పు ఇటు కూడా వ్యాపించింది. రెండు వైపులా కలిపి వెయ్యి హెక్టార్లకు పైగా తగలబడింది. 1990లో ఏర్పడిన జాతీయ పార్కులో ఎండిన చెట్లను చాలా చోట్ల కొట్టకుండా వదిలేస్తారు. చెట్లు విరిగిపడతాయని కొన్ని దారులు మూసేశారు కూడా. ఊళ్ళవారికి ఇది గిట్టదు. నిప్పుకు ఎండు కట్టె పరిచిపెట్టినట్లు కాదా అని వారి వాదన. ఇళ్ళు అడవి అంచున ఉన్నవారి భయం ఉత్తదని నేననలేను.

"రాతిని తొక్కకుండా పైన వంతెన వేశారు, చెట్లనేమో గాలికి వదిలేశారేం?" అని మా ఆవిడ అడిగింది.

"రెండూ ఒకటే అత్తయ్యగారూ, రాతిని కూడా వదిలేశారు. మనుషులను మాత్రం పక్కకు జరిపారు" అన్నది కోడలు. ఈ స్ప్రూస్ చెట్లు చాలా వరకు కలప కోసం మనుషులు వరసలుగా నాటినవే. పూర్వం ఇక్కడ బీచ్ చెట్లు ఎక్కువ. నాటినది పోతే తనంతట వచ్చేదేదో చూద్దామని పార్కువారి ఉద్దేశం. ఆ రాబోయేది ఏమిటో తెలియడానికి మా వయసు చాలదు. అయినా నా ఓటు వారికే.

దిగేటప్పుడు పడిపోయిన మానుల మధ్య బర్చ్ మొక్కలు గుంపులుగా కనిపించాయి. మనుమడు ఒకదాని పక్కన నిక్కి నిలబడి ఎత్తు కొలుచుకున్నాడు. మొక్క వాడికంటె జానెడు ఎక్కువే ఉన్నది. వాడు ఒప్పుకోక ఇంకొక మొక్క వెదుకుతానని బయలుదేరాడు. ట్రాముకు వేళయిందని కోడలు వాడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.