గమ్ముతో ఆగని బరువు

బీదర్‌లో పనికి పోవడం మా జహీరాబాద్ వైపు వాళ్ళకు కొత్త కాదు. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లాయే. ఇప్పటికీ అక్కడ తెలుగు మాట్లాడితే అర్థం కాని గల్లీ ఉండదు. మహమూద్ గవాన్ మదర్సాకు దగ్గర్లో ఓ పాత ఇంట్లో ఫాల్స్ సీలింగ్ పని ఒప్పుకున్నాం, నేనూ మా బామ్మర్దీ. వానలు అప్పుడే మొదలయ్యాయి.

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు జిప్సం బోర్డు సుమారు 20 కిలోలు ఉంటుంది. ఒకరు దాన్ని నెత్తితో, అరచేతులతో పైకి అదిమి పట్టుకోవాలి, ఇంకొకరు స్క్రూలు బిగించాలి. చేతులు రెండూ పైనే ఉంటాయి కాబట్టి కళ్ళల్లో పొడి పడ్డా తుడుచుకోలేం. మధ్యాహ్నానికి మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వస్తుంది. అయినా పద్ధతిగా చేస్తే భయం లేని పని ఇది. శ్లాబుకు యాంకర్లు కొట్టి, జీఐ పట్టీలు దించి, చానళ్ళు కట్టి, వాటికి 9 అంగుళాలకొక స్క్రూ చొప్పున బోర్డు బిగిస్తాం. స్క్రూ తల కాగితాన్ని చింపకుండా కొంచెమే లోపలికి దిగాలి. కాగితం చిరిగితే ఆ స్క్రూకు పట్టు ఉండదు.

ఆ ఇంట్లో గదులు ఎత్తు తక్కువ. ఫ్రేము కడితే ఇంకా తగ్గుతుందని ఇంటాయన ఒప్పుకోలేదు. కాంట్రాక్టర్ శ్లాబుకే గమ్ముతో అతికించి, మూలకొక స్క్రూ కొట్టమన్నాడు.

"సేఠ్, పైన సున్నం పొరలున్నయి. ఆగదు" అన్నాను.

"గోడలకు ఆగుతలేదా?" అన్నాడు.

గోడకు పెట్టిన బోర్డు బరువు కింది నుంచి నేల మోస్తుంది. సీలింగుకు పెట్టినదాని బరువంతా వేలాడుతూనే ఉంటుంది. అదే చెప్పాను, వినలేదు. అంతకుముందు పని డబ్బులు ఆయన దగ్గరే ఆగి ఉన్నాయి. వదిలి వస్తే అవీ పోతాయి.

రాత్రంతా వాన కురిసి శ్లాబు చెమ్మగిల్లింది. మర్నాడు నేను పరంజా మీద కొత్త బోర్డు అదిమి పట్టుకుని ఉండగా, పక్కన ముందురోజు పెట్టిన బోర్డు ఊడి నా కుడి భుజం మీద పడింది. చేతుల్లోది వదలకుండా తప్పుకునే దారి లేదు. వదిలితే కింద బామ్మర్ది ఉన్నాడు. బోర్డుతో సహా పరంజా మీంచి నేల మీద పడ్డాను. నొప్పికి అరవడానికి కూడా ఊపిరి అందలేదు. బామ్మర్దే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాడు. మెడ కింది ఎముక విరిగిందన్నారు.

ఆ బోర్డు వెనక వైపు తర్వాత బామ్మర్ది ఫోన్‌లో చూపించాడు. గమ్ము బోర్డును వదల్లేదు. దానికి అంటుకుని సున్నం పొర మొత్తం శ్లాబు నుంచి ఊడొచ్చింది. స్క్రూలు కాంక్రీటులో పట్టు దొరక్క పెళ్ళలతో సహా జారిపోయాయి.

కాంట్రాక్టర్ ఎక్స్‌రే ఖర్చు ఇచ్చి, తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఇప్పటికీ నా కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. గోడల కింది భాగానికి పుట్టీ పెట్టే పనికే పోతున్నాను, కూలి తక్కువ.

ఇల్లు బాగు చేయించుకునేవాళ్ళను ఒకటే అడుగుతున్నాను. పైకప్పుకు గమ్ముతో బోర్డు అతికించమని ఎవరినీ ఒత్తిడి చేయకండి, ఫ్రేముకు డబ్బులు పెట్టండి. తోటి పనివాళ్ళకూ ఒక మాట: 18 నుంచి 60 ఏళ్ళ లోపు వయసుండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్ళకు కార్మిక సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకునే హక్కుంది. దెబ్బ తగలకముందే ఆ నమోదు కార్డు తీసుకోండి.