పాత తెరలో మా ఊరు

మా కారులో పాటల పెట్టె మొరాయించి ఆరు నెలలైంది. పాట మధ్యలో దానంతటదే ఆగిపోతుంది. తెర మీద ఒకచోట నొక్కితే మరోచోట తెరుచుకుంటుంది. ఎండలో పెట్టిన రోజైతే అసలు పలకదు. ‘ఇంకెన్నాళ్లండీ, మార్పించెయ్యండి’ అని మా ఆవిడ పోరు. ఫోన్లో పాటలు అందులో రావట్లేదని పిల్లల అలక. వద్దన్నది మాత్రం ఒక్క మా బాపు.

దానికో కారణం ఉంది. 2014లో కారు కొన్నప్పుడు దారి చూపించే మ్యాపు కూడా అందులోనే వచ్చింది. దాన్ని చూడగానే బాపు అడిగింది ఒక్కటే... ‘మన ఊరు ఉన్నదారా దీంట్ల?’ వెతికితే ఉంది. ‘హోమ్’ అని ఉన్నచోట మా ఊరే పెట్టాం. హైదరాబాద్‌లో నేనుండే ఫ్లాటు కాదు, ఊళ్లో మా పెంకుటిల్లు.

ఆ ఊరు ఇప్పుడు లేదు. సిద్దిపేట జిల్లాలో మల్లన్నసాగర్ కింద పోయిన ఊళ్లలో మాదీ ఒకటి. 50 టీఎంసీల జలాశయం అది. 2021లో నీళ్లు వదిలారు, 2022 ఫిబ్రవరిలో ప్రారంభించారు. అమ్మా బాపూ అందరితోపాటే గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీకి వచ్చేశారు. కొత్త ఇల్లు, వెడల్పాటి రోడ్లు. అయినా బాపు ఎన్నడూ దాన్ని ‘ఇల్లు’ అనలేదు. ‘కాలనీ’ అనే అంటాడు.

ఓసారి కట్ట చూపిద్దామని తీసుకెళ్లాను. కారు ముందు కొండలా కట్ట అడ్డం. తెర మీద మాత్రం రోడ్డు ముందుకే ఉంది. ఇంకో మూడు కిలోమీటర్లు నేరుగా వెళ్లమంటోంది. నిజానికి ఉపగ్రహాల సాయంతో తెలిసేది మనం ఎక్కడున్నామన్నదే. వాటికి ఊరూ తెలీదు, నీళ్లూ తెలీవు. రోడ్లూ ఊళ్లూ ఉండేది లోపలి మెమరీ కార్డులో. మేమెప్పుడూ దాన్ని కొత్తది చేయించలేదు. అందుకే మా ఊరు అందులో మునగలేదు. బాపు చాలాసేపు ఆ తెరనే చూస్తూ కూర్చున్నాడు.

మొన్న కంటి పరీక్షకని వచ్చినప్పుడు, బతిమాలి కార్ డెకార్ షాపుకి వెంట తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీశాడు. ప్లాస్టిక్ పట్టీతో డ్యాష్‌బోర్డు అంచును మెల్లగా లేపాడు. ‘స్క్రూడ్రైవర్ పెడితే గీతలు పడతయి సార్, క్లిప్పులు ఇరుగుతయి’ అన్నాడు. నాలుగు స్క్రూలు విప్పి పెట్టెను ముందుకు లాగితే వెనక రంగురంగుల వైర్ల జడ. ఫోన్‌తో దాని ఫొటో తీసుకున్నాడు. పసుపు వైరుకి కరెంటు ఎప్పుడూ ఉంటుందట, ఎరుపు దానికి తాళం తిప్పితేనే వస్తుందట, నలుపు ఎర్త్‌కట. ఒక్క వైరూ కోయకుండా, మా కారుకి సరిపోయే కప్లర్ పెట్టి కలిపాడు. వైర్లు కోస్తే వారంటీకి ఇబ్బంది అనీ, షార్టయ్యే ప్రమాదం కూడా ఉందనీ చెప్పాడు. పట్టీలు బిగించక ముందే పాట, రివర్స్ కెమెరా, మైకు అన్నీ పరీక్షించి చూపించాడు. మొత్తం గంట పని.

పాత పెట్టెను అట్టపెట్టెలో పెట్టి ‘ఇచ్చేస్తరా సార్, ఎంతోకొంత తగ్గిస్తం’ అన్నాడు. నేను నోరు తెరిచేలోపే బాపు దాన్ని తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

కొత్తదానికి కార్డు లేదు. ఫోన్‌లో మ్యాపే తెర మీదికొస్తుంది. బాపు చెప్పకుండానే మా ఊరున్న వైపు జరిపి చూశాను. నీలం రంగు. అంచుల్లో కట్ట గీత, అంతే. బాపు కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశాడు. వేలితో నీలం మీద ఒకచోట ఆనించి ‘గీడ మన బాయి’ అన్నాడు. ఇంకాస్త పక్కకి జరిపి ‘గిది బడి’ అన్నాడు. షాపు కుర్రాడు పట్టీలు బిగించడం ఆపి నిలబడిపోయాడు.

ఫోన్‌లో ‘హోమ్’ ఖాళీగానే ఉంది. అంతకుముందు ఎప్పుడూ పెట్టుకోలేదు. అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించాను.

‘బాపూ, ఇల్లు ఎక్కడ పెట్టమంటవు?’

ఒళ్లో పెట్టెను గట్టిగా పట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. కాసేపటికి అన్నాడు.

‘మీ అమ్మ ఏడుంటే గదే పెట్టు బిడ్డా.’

గజ్వేల్ పెట్టాను. సాయంత్రం వాళ్ల కాలనీకే బయల్దేరాం. దారంతా బాపు ఒక్క మాటా మాట్లాడలేదు. దిగేటప్పుడు పాత పెట్టెను మాత్రం మరిచిపోకుండా తీసుకెళ్లాడు.