వెనక స్పీకర్లు, అవ్వ మంచం

హోసూరులో మా ఇంటి ముందు గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. వెనక గోడకు ఆనించి అవ్వ మంచం ఉంటుంది. పోయిన దీపావళికి నాయన హోం థియేటర్ కొందామన్నాడు. అన్న 7.1 కావాలని పట్టుపట్టినాడు. అంటే పక్కన రెండు, వెనక రెండు స్పీకర్లు. దానికి మంచం తీసేయాలి. "నన్ను వంటింట్లో పడుకోబెట్టండి లేరా" అని అవ్వ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అంగడాయన వచ్చి గది చూసినాడు. కూర్చునే చోటు గోడకే ఆనుకుంటే వెనక స్పీకర్లు చెవి పక్కనే మోగుతాయి, 5.1 చాలన్నాడు. మంచానికి అటూ ఇటూ పక్క గోడలకు, చెవులకన్నా రెండడుగుల ఎత్తులో రెండు చిన్న స్పీకర్లు బిగించినాడు. మిగిలిన డబ్బుతో మధ్య స్పీకరు మంచిది తీసుకున్నాము. సినిమాలో మాటలు ఎక్కువగా దానిలోనుంచే వస్తాయి.

అవ్వకు చెవులు సరిగా వినబడవు. సినిమా చూస్తూ "ఏమన్నాడు?" అని మాటిమాటికీ అడిగేది. మేము విసుక్కునేవాళ్లం. ఆ రాత్రి సినిమా అయిపోయినాక గుర్తొచ్చింది, అవ్వ ఒక్కసారి కూడా అడగలేదు. మంచం మీద ఆమె పక్కనే అన్న కూర్చోనున్నాడు.