ఆఫీసు దారే వ్యాయామం

బ్రాంప్టన్, మిసిసాగాల్లో మనవాళ్లకు వైద్యం చేసే ఎవరికైనా ఈ ఫైలు బాగా పరిచయం. నలభై దాటిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సన్నటి కాళ్లూ చేతులూ, ముందుకొచ్చిన పొట్ట, మూడు నెలల సగటు షుగరు ఏడు దగ్గర, ట్రైగ్లిజరైడ్లు హద్దు దాటి. రోజూ నడవమంటాం, సరేనంటారు. ఆర్నెల్లకు అదే పొట్టతో వస్తారు, ఇంకో మాత్ర చేరుతుంది. దీన్ని బద్ధకం అనేసి ఊరుకోవడం వైద్యుడికి తేలిక, కానీ అన్యాయం. పొద్దున పిల్లల్ని బడిలో దింపి, ఆఫీసుకు కారు నడిపి, డిసెంబరులో ఐదింటికే చీకటి పడే ఊళ్లో ఇల్లు చేరే మనిషికి వ్యాయామం కోసం విడిగా ఒక గంట ఎక్కడ మిగులుతుంది? రోజూ తప్పకుండా ఖర్చయ్యేది ప్రయాణపు గంట. పెద్దవాళ్లు వారానికి 150 నిమిషాలు ఒళ్లు వంచాలని కెనడా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ నిమిషాలను ఈ గంటలోంచే, సైకిలు తొక్కి తీసుకోవాలన్నది నా వాదన.

మన విషయంలో ఇది ఇంకా అవసరం. హామిల్టన్, టొరంటో, ఎడ్మంటన్ నగరాల్లో జరిపి 2000లో ప్రచురించిన ‘షేర్’ అధ్యయనంలో గుండె, రక్తనాళాల జబ్బులు యూరోపియన్ మూలాలవారిలో 5 శాతానికి కనిపిస్తే, దక్షిణాసియా వారిలో దాదాపు 11 శాతానికి కనిపించాయి. ఇక సైకిలు సంగతి. బ్రిటన్‌లో రెండు లక్షల అరవై వేల మందికి పైగా వివరాలు పరిశీలించి 2017లో వెలువరించిన పరిశోధనలో, కార్లలో, బస్సుల్లో వెళ్లేవారితో పోలిస్తే సైకిలు మీద పనికి వెళ్లేవారిలో మరణాలు 41 శాతం తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే సైకిలెక్కుతారు కాబట్టి అలా వచ్చిందేమో అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వయసు, పొగతాగడం వంటివి లెక్కలోకి తీసుకున్నాకే ఆ అంకె వచ్చింది గానీ, అలాంటి సర్దుబాటు ఎన్నడూ సంపూర్ణం కాదు. లాభం అందులో సగమే అనుకున్నా, మందుచీటీలో రాయదగ్గ లాభమే.

అసలు అభ్యంతరం భయం. దాన్ని కొట్టిపారేయలేను. ఆగి ఉన్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంటే సైకిలిస్టు ఆ అంచుకు కొట్టుకుని, చెయ్యి ఆనించి పడతాడు. మణికట్టు, కాలర్‌బోన్ విరగడం అలా పడినవారిలో తరచూ చూసేదే. వెనక వాహనం వస్తుంటే అంతటితో పోదు. కానీ ఈ ప్రమాదాన్ని సైకిలుకే అంటగట్టడం తప్పు. అది రోడ్డును బట్టి మారుతుంది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన కే టెష్కీ బృందం టొరంటో, వాంకోవర్ ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన 690 మంది సైకిలిస్టుల ప్రయాణాలను పరిశీలించింది. ప్రతి ఒక్కరికీ దెబ్బ తగిలిన చోటును, అదే ప్రయాణంలో వాళ్లు క్షేమంగా దాటిన మరో చోటుతో పోల్చింది. మనిషి అతనే, రోజు అదే, సైకిలు అదే, మారింది రోడ్డొక్కటే. పక్కన కార్లు నిలిపి, సైకిలు దారి లేని పెద్ద రోడ్లతో పోలిస్తే, వాహనాల నుంచి వేరుచేసిన సైకిలు దారిలో గాయపడే అవకాశం తొమ్మిదో వంతు. అందుకే ఇది ధైర్యం నూరిపోస్తే తీరే సమస్య కాదు, దారి వేస్తే తీరే సమస్య. 2024లో అంటారియో ప్రభుత్వం టొరంటోలోని బ్లూర్, యంగ్, యూనివర్సిటీ వీధుల సైకిలు దారులను తొలగించడానికి చట్టం తెచ్చినప్పుడు, అది ట్రాఫిక్ వ్యవహారంతో పాటు వైద్య వ్యవహారం కూడా అయింది. 2025 జూలైలో అంటారియో సుపీరియర్ కోర్టు న్యాయమూర్తి జస్టిస్ షాబాస్, ఆ తొలగింపు ప్రాణ, శరీర భద్రతల హక్కుకు విరుద్ధమని తీర్పిచ్చారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.

చలి మాటేమిటంటారా? చలికి బట్టలున్నాయి. బ్లాక్ ఐస్‌కు మాత్రం మందు లేదు, ఆ రోజుల్లో బస్సెక్కాలి. ఏడాదిలో ఎనిమిది నెలలు సైకిలు తొక్కి నాలుగు నెలలు మానినా, అసలు తొక్కకపోవడం కన్నా మేలే. దూరం పెద్ద అడ్డంకే, బ్రాంప్టన్ నుంచి టొరంటో నడిబొడ్డుకు రోజూ సైకిలు మీద వెళ్లమని ఎవరికీ చెప్పను. కానీ గో రైలు స్టేషన్, లైబ్రరీ, కూరగాయల కొట్టు రెండు మూడు కిలోమీటర్లలో ఉంటే కారు తాళాలు ఎందుకు? మోకాళ్లు నొప్పులైతే, పెడలు తొక్కితేనే మోటారు సాయపడే రకం బ్యాటరీ సైకిలుంది. తొక్కాల్సిందే కాబట్టి శ్రమ ఉంటుంది, ఊపిరాడనంత ఉండదు. ఇక, పైకి చెప్పని అభ్యంతరం ఒకటుంది. నాన్న సైకిలు తొక్కి చదివిస్తే కొడుకు కారు కొనే స్థాయికి వచ్చాడు, మళ్లీ సైకిలెక్కడం చిన్నతనంగా తోస్తుంది. ఆ బాధను నేను గౌరవిస్తాను. అయినా, ఆ నాన్నల తరంలో చాలామందికి ఆ వయసులో పొట్ట లేకపోవడానికి ఆ సైకిలూ ఒక కారణమే.

అందరికీ ఒకే చీటీ పనికిరాదు. తలతిరుగుడు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు ముందు తమ వైద్యుడితో మాట్లాడాలి. ఇన్సులిన్ గానీ గ్లైక్లజైడ్ గానీ తీసుకునేవారికి మొదటి వారాల్లో షుగరు పడిపోవచ్చు. బయల్దేరే ముందు ఒకసారి, చేరాక ఒకసారి పరీక్ష చేసుకుని, గ్లూకోజు మాత్రలు జేబులో ఉంచుకోవాలి. రీడింగులు వరుసగా తక్కువగా వస్తుంటే మీ వైద్యుడికి ఫోను చేయండి, మందు మోతాదు మార్చాల్సి రావచ్చు.