ఆటోనగర్ షెడ్డులో పాత పద్మిని

ప్రీమియర్ పద్మిని 1,089 సీసీ పెట్రోలు ఇంజిన్‌తో నడిచే చిన్న కారు. ఇటలీకి చెందిన ఫియట్ 1100డి దీనికి మూలం. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964 నుంచి బొంబాయి కుర్లాలోని కర్మాగారంలో దీన్ని తయారు చేసింది. ఫియట్‌తో ఒప్పందం ముగిశాక ముందు ప్రెసిడెంట్ అన్నారు, 1974 నుంచి పద్మిని అన్నారు. జనం మాత్రం ఫియట్ అనడం మానలేదు. అంబాసిడర్ సర్కారువారి బండిగా పేరుపడితే, ఫియట్ డాక్టర్ల ఇళ్ల ముందు, ప్లీడర్ల ఇళ్ల ముందు కనిపించేది. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. ఆ తర్వాత పద్మిని గిరాకీ ఏటికేడు తగ్గి, 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది.

ఆగిపోయిన కారును తక్కువ ఖర్చుతో ఎలా బతికించుకుంటున్నారో తెలుసుకోవడానికి విజయవాడ ఆటోనగర్ తగిన చోటు. ఇక్కడి ప్రధాన వృత్తి లారీలకు బాడీలు కట్టడం. దాని చుట్టూ లేత్ పనివారు, కమాను పట్టీల వంపు సరిచేసే కొలుములు, రేడియేటర్ దుకాణాలు, రెక్సిన్ కుట్టేవారు చేరారు. పాత కారుకు కావలసిన పనివాళ్లంతా నడిచి వెళ్లేంత దూరంలోనే దొరుకుతారు. పెద్ద నగరాల్లో పాత కార్లు బాగుచేసే ఖరీదైన స్టూడియోలకు లేని సౌలభ్యం ఇది.

అక్కడ మేం చూసిన ఒక షెడ్డులో మూడు పద్మినులున్నాయి. ఒకటి రంగుకు సిద్ధంగా ఉంది, రెండోది ఇంజిన్ దించి ఉంది. గోడవారన ఉన్న మూడోదాన్ని నిలువునా విప్పేశాక యజమాని దగ్గర డబ్బు అయిపోయింది. దాని బోల్టులూ బిగింపులూ ఖాళీ పెయింటు డబ్బాల్లో ఉన్నాయి. డబ్బాల మీద సుద్దతో రాసిన పేర్లు సగం చెరిగిపోయాయి. ఇలాంటి బండి దాదాపు ప్రతి షెడ్డులోనూ ఒకటి కనిపిస్తుంది. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారు కారంతా ఒకేసారి విప్పించకూడదు. ఒక భాగం విప్పాలి, బాగుచేయాలి, బిగించాలి, నడపాలి. ఆ తర్వాతే రెండో భాగం.

ఏ భాగం ముందన్న దానిపై ఆ షెడ్డు మేస్త్రిది ఒకటే మాట: "ముందు కింద చూద్దాం సార్. రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు." లారీకి ఉన్నట్టు పద్మినికి విడిగా ఛాసిస్ లేదు. ఫ్లోరు రేకు, తలుపుల కింద పెట్టెలా మడిచిన అంచులు, ముందు చక్రాల వెనక గోడలు కలిసే బరువు మోస్తాయి. అక్కడ తుప్పు పట్టిందంటే కారుకు నడుము విరిగినట్టే. పైన తళతళలాడే రంగుంటే అనుమానం ఇంకాస్త పెరగాలి.

పరీక్షకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మేస్త్రి రబ్బరు మ్యాటు ఎత్తి, స్క్రూడ్రైవరు పిడితో ఫ్లోరు మీద అంగుళం అంగుళం కొడుతూ వెళ్లారు. రేకు బాగున్నచోట ఖంగుమంది. డ్రైవరు కాళ్ల దగ్గరికి వచ్చేసరికి మొద్దుగా 'డబ్' అని పలికింది. స్క్రూడ్రైవరు తిప్పి మొనతో నొక్కితే సగం దాకా దిగింది. తర్వాత పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని తలుపుల అడుగు అంచుల వెంట జరిపారు. అది అతుక్కోకుండా జారిపోయిన చోటల్లా పుట్టీ. పాత యజమాని తుప్పు కోయించకుండా పుట్టీ పెట్టించి, రంగు కొట్టించి అమ్మేశాడన్నమాట. డ్రైవరు కాళ్ల దగ్గరి రంధ్రానికి అసలు కారణం ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు. అది ఎండకు బిగుసుకుపోయి పగిలితే వాన నీరు డాష్‌బోర్డు వెనక నుంచి దిగి మ్యాటు కింద నిలుస్తుంది. వందల్లో పోయే రబ్బరు మార్చకపోవడం వల్ల వేలల్లో అయ్యే ఫ్లోరు పోతుంది.

కుళ్లిన రేకును గట్టి రేకు తగిలేదాకా కోసేసి, అదే మందం రేకును వంచి అతకాలి. ఆటోనగర్‌లో దీన్ని టింకరింగ్ అంటారు. లారీ క్యాబిన్లు చేతితో కట్టిన పనివారికి పద్మిని అంచు మడత పెద్ద లెక్కలోది కాదు. ఇనుప దిమ్మె మీద సుత్తితో అరపూటలో తీసేస్తారు. కుళ్లిన రేకు మీదే కొత్త ముక్కను అంటించి వెల్డింగ్ పెట్టడం మాత్రం ఒప్పుకోకూడదు. రెండు రేకుల సందులో నీరు చేరితే తుప్పు మళ్లీ మొదలవుతుంది. వెల్డింగ్ అయ్యాక లోపలివైపు కూడా ప్రైమర్ పడిందో లేదో యజమాని దగ్గరుండి చూసుకోవాలి. బయటికి కనిపించని ఆ పనినే హడావుడిలో ఎగ్గొడతారు.

బాడీ తర్వాత బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. పాత మోడళ్లలో ఒకే పైపు వరస ఉంటుంది కాబట్టి ఒక్క వీల్ సిలిండరు కారినా పెడలు నేలకంటుతుంది. నాలుగింటిలో రబ్బరు కప్పులు, మాస్టర్ సిలిండరు కిట్టు, రబ్బరు గొట్టాలు ఒకేసారి మార్చాలి. వీటిలో పొదుపు పనికిరాదు. ముందు చక్రాల కింగ్‌పిన్‌లకు, బుష్‌లకు గ్రీజు నిపుల్స్ ఉంటాయి. క్రమం తప్పకుండా గ్రీజు పట్టించిన కారులో స్టీరింగు పదిలంగా ఉంటుంది, పట్టించనిదాంట్లో కింగ్‌పిన్ అరిగి చక్రం ఊగుతుంది.

ఇంజిన్ గురించి కొనేవారు ఎక్కువ కంగారు పడతారు గానీ, అది ఈ కారులో అన్నిటికన్నా తేలికగా బాగయ్యే భాగం. సిలిండరు వ్యాసం 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75. అరిగితే బోరు పట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయవచ్చు, అదీ దాటితే స్లీవ్ దించవచ్చు. అంతదాకా వెళ్లాలో లేదో ముందు కంప్రెషన్ గేజీ చెబుతుంది. రీడింగు తక్కువగా ఉన్న సిలిండరులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. రీడింగు పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే చాలావరకు వాల్వులది. వాల్వులదే అయితే హెడ్డు దించి పేస్టుతో రుద్దించుకుంటే చాలు, బోరింగ్ ఖర్చు తప్పుతుంది. హెడ్డు అల్యూమినియంది కాబట్టి ఒక్కసారి బాగా వేడెక్కినా వంగుతుంది. అందుకే రేడియేటర్ పై ట్యాంకు ఊడదీసి, గొట్టాల్లో సన్నని చువ్వ దూర్చి, పూడిక తీయించడం ఇంజిన్ పనిలో భాగమే.

బెజవాడ ఎండల్లో ఇంకో తంటా ఉంది. మెకానికల్ పెట్రోలు పంపు ఇంజిన్‌కు ఆనుకుని ఉండటం వల్ల వేడికి లోపలి పెట్రోలు ఆవిరై, కారు సిగ్నలు దగ్గర ఆగిపోతుంది. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగేవారు. ఆ చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది.

ఇప్పటి పెట్రోలుతో కొత్త చిక్కొచ్చింది. 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని దేశం 2025లో అందుకుంది. ఇథనాల్ పాతకాలపు రబ్బరును మెత్తబరుస్తుంది. గాలిలోని తేమను లాగేసుకుంటుంది. వారాల తరబడి కదలని కారులో ట్యాంకు లోపల తుప్పు, కార్బరేటర్ జెట్లలో పూడిక అలా వచ్చేవే. పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయాలి. వారానికోసారైనా కారును ఇంజిన్ పూర్తిగా వేడెక్కేంత దూరం నడపాలి. వాకిట్లో నిలబెట్టి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం వల్ల మేలు లేకపోగా, సైలెన్సరులో నీరు చేరుతుంది.

విడిభాగాలకు ఇన్నాళ్లూ ముంబై ట్యాక్సీలే దిక్కు. నలుపు పసుపు రంగుల పద్మినులు వేల సంఖ్యలో తిరిగినంతకాలం వాటికోసం సామాను తయారైంది. చివరి పద్మిని ట్యాక్సీ 2003 అక్టోబరు 29న తాడ్‌దేవ్ ఆర్టీఓ కార్యాలయంలో రిజిస్టరైంది. ట్యాక్సీలకున్న ఇరవై ఏళ్ల పరిమితి నిండి 2023 అక్టోబరు చివర తప్పుకుంది. రింగులు, క్లచ్ ప్లేట్లు, బ్రేకు కిట్లు ఇంకా కొత్తవి దొరుకుతున్నాయి. తలుపు పిడులు, గ్రిల్లు, ముందు అద్దం రబ్బరు లాంటివాటికి చెన్నై పుదుపేట, కుర్లా సీఎస్‌టీ రోడ్డు పాత సామాను దుకాణాలు తిరగాలి. ఈ షెడ్డు మేస్త్రి తుక్కుకు పోయే పద్మినిని ఒకటి కొని అటకెక్కించారు. స్థలం ఉన్న యజమానికీ ఇంతకన్నా మంచి పెట్టుబడి లేదు.

రంగు ఆఖరున రావాలి. బూత్‌లో వేసే పీయూ రంగు అద్దంలా మెరుస్తుంది కానీ, తర్వాత ఒక తలుపుకు గీత పడితే పాత రంగుతో కలిసిపోయేలా వేయడం కష్టం. పాతకాలపు డ్యూకో రంగుకు మెరుపు తక్కువ, ధరా తక్కువే. ఏ షెడ్డులోనైనా గీత పడినచోట మాత్రమే కొట్టించుకోవచ్చు. రోజూ నడిపే కారుకు ఇదే చాలు.

కాగితాల ఖర్చు మాత్రం పెరుగుతోంది. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆపైన తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. యాభై ఏళ్లు దాటినవాటికి 2021 నిబంధనల కింద 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే ఆ నంబరున్న కారును రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు, అలాంటివాటికి మాత్రమే బయటికి తీయాలి. ఆఫీసుకు, కూరగాయలకు పద్మినిలో వెళ్లాలనుకునేవారికి మామూలు రిజిస్ట్రేషనే మేలు. బీమాలో కారు విలువ ఎంతన్నది కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. బాగుచేయించిన బిల్లులు, ఫొటోలు దాచుకున్నవారికి ఆ బేరంలో పట్టు ఉంటుంది.

కొనదలచినవారు వానాకాలంలో చూడటం మంచిది. ఎండాకాలంలో బయటపడని నీటి లీకులన్నీ అప్పుడు మ్యాటు కిందే తెలుస్తాయి. బయానా ఇచ్చేముందు ఆర్సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లను కారు మీది నంబర్లతో సరిచూసుకోవాలి. పోయిన రేకును టింకరింగ్ మేస్త్రి అతుకుతారు కానీ, కలవని నంబరును ఎవరూ కలపలేరు కాబట్టి అలాంటి కారు ఎంత చౌకగా వచ్చినా వదిలేయండి.