అరువు చెవులు

రికార్డు నుండి వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని స్పీకరును కదిలించగల స్థాయికి పెంచే సాధనం ఆంప్లిఫైయరు. భౌతికశాస్త్ర గ్రంథాలు దీనినే వర్ధకం అంటాయి. సంకేతానికి ఏమీ చేర్చరాదు, ఏమీ తగ్గించరాదు, ఉన్నదానిని పెంచాలి. చెప్పడానికి ఇంత సులువైన పనికి బజారులో పలికే వెలలు మాత్రం వేల నుండి లక్షల దాకా ఉంటాయి.

విజయవాడకు చెందిన ఒక విశ్రాంత అధ్యాపకుడు ఈ చిక్కులోనే పడ్డారు. యౌవనంలో ఆయనవి పాము చెవులు. జేబు మాత్రం ఖాళీ. రేడియోలో ద్వారం వేంకటస్వామినాయుడుగారి వాయులీనం వస్తుందంటే పొరుగింటి అరుగు మీద కూర్చొని వినేవారు. పదవీ విరమణతో చేతికి సొమ్ము వచ్చేనాటికి చెవులు మందగించాయి. మానవుని చెవి 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదంటారు కాని, వయసు పైబడిన కొద్దీ ఆ పై హద్దు దిగివస్తూనే ఉంటుంది. అందుచేత ఆయన హైదరాబాదులోని దుకాణానికి ఇంటర్మీడియట్ చదివే మనుమణ్ణి వెంటబెట్టుకొని బయలుదేరారు. గడప దాటుతుండగా భార్య అడిగింది: “ఏమండీ, లక్షన్నర పోస్తే ఘంటసాలగారు ఇంకా బాగా పాడతారా?” ఆయన సమాధానం చెప్పలేదు.

దుకాణంలో వాల్వు ఆంప్లిఫైయరు వెల సరిగ్గా లక్షన్నర. లీ డి ఫారెస్ట్ 1906లో రూపొందించిన మూడు ఎలక్ట్రోడుల వాల్వుకు, 1947లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరుతో కాలం చెల్లవలసింది. చెల్లలేదు. వాల్వు నాదంలోని మాధుర్యం మరి దేనికీ రాదనేవారు నేటికీ ఉన్నారు. ఆ మాటలో కొంత అతిశయోక్తి లేకపోలేదు. గాజు బుడ్లలో వెలిగే ఆ ఎర్రని కాంతిని చూస్తూ వింటే ఏ పాటైనా మధురంగానే తోస్తుంది. పెద్దాయన కరిగిపోయారు.

మనుమడు మాత్రం నొసలు చిట్లించాడు. “తాతయ్యా, పాట ఆగినప్పుడు సన్నగా బుస వినిపిస్తోంది.”

“నాకేమీ వినిపించడం లేదే!”

ఆ మాట అన్న తరువాత ఆయన చాలాసేపు మౌనంగా ఉండిపోయారు.

పక్కనే నలభై వేల ట్రాన్సిస్టరు ఆంప్లిఫైయరు ఉంది. శక్తి 50 వాట్లు. రెండింటి శబ్దాన్నీ మీటరుతో కొలిచి సమం చేయమని కుర్రవాడు కోరాడు. ఏది కాస్త బిగ్గరగా మోగితే అదే ఇంపుగా తోచడం చెవి స్వభావం. కళ్లు మూసుకొని పదిసార్లు విని, పెద్దాయన ఐదుసార్లు మాత్రమే ఏది ఏదో సరిగా చెప్పగలిగారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. ఇందులో ఆయన చిన్నబోవలసినది లేదు. 1978లో ఇంగ్లండులో క్వాడ్ సంస్థ వారి వాల్వు, ట్రాన్సిస్టరు ఆంప్లిఫైయర్లను ఇలాగే పోల్చి వినిపిస్తే, అనుభవజ్ఞులైన శ్రోతలు సైతం తేడా పట్టలేకపోయారు.

అప్పుడు దుకాణదారు 100 వాట్ల దానిని చూపాడు. మనుమనికి కళాశాలలో నేర్చిన లాగరిథములు అక్కరకు వచ్చాయి. శక్తి రెట్టింపైతే శబ్దం పెరిగేది సుమారు 3 డెసిబెల్‌లే. చెవికి రెట్టింపుగా తోచాలంటే దాదాపు పదిరెట్ల శక్తి కావాలి. ఇంట్లో ఉన్న స్పీకర్లు ఒక్క వాటుకే, మీటరు దూరంలో, 88 డెసిబెల్‌ల శబ్దం ఇస్తాయి. పన్నెండడుగుల గదిలో మామూలుగా వినడానికి అదే ఎక్కువ. మృదంగం మీద పడే గట్టి దెబ్బ కోసం కొంత శక్తి నిలవ ఉండాలి. దానికి 50 వాట్లు చాలు.

నలభై వేలదే ఇల్లు చేరింది. తీరా మోగిస్తే నాదం కరకుగా ఉంది. లోపం యంత్రానిది కాదు. బోసి సిమెంటు గోడలకు, గచ్చుకు తగిలి శబ్దం తిరిగివస్తోంది. మిగిలిన సొమ్ములో కొంత పెట్టి దళసరి తెరలు, తివాచీ కొన్నారు. వాటికి చెవులెవరివీ అరువు తేనక్కరలేకపోయింది. మార్పు ఆయనకే తెలిసింది.

ఆ సాయంత్రం భార్య వంటగది గుమ్మంలో నిలబడి ఘంటసాలగారి పాట చివరిదాకా విన్నది. “ఫరవాలేదు, బాగానే పాడుతున్నారు” అని లోపలికి వెళ్లింది.